పగడాల వీధి యూదులు: చెన్నపట్నం మరిచిపోయిన పొరుగువాళ్ళు

పోస్టు కాస్త పొడవు. ఆదివారం కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని నిదానంగా చదవండి.

ఏటా ఆగస్టు 22 వచ్చిందంటే మన గ్రూపులో దామర్ల వెంకటాద్రి నాయకుడి పేరు మోగిపోతుంది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ ఇసుక దిబ్బ రాసిచ్చింది మన తెలుగు నాయకుడే, ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే ఇది చెన్నపట్నమయ్యింది అని అందరం గర్వంగా షేర్ చేసుకుంటాం. మంచిదే. కానీ ఇంటి పట్టా ఎవరిచ్చారో చెప్పుకుని, ఆ ఇంట్లో ఎవరెవరు కాపురమున్నారో చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఈసారి ఆ మిగతా సగంలో ఒక గది గురించి రాస్తున్నాను. అందులో ఉన్నవాళ్ళు యూదులు. దాదాపు వందేళ్ళు మన ఊళ్ళో మనవాళ్ళతో కలిసి వ్యాపారం చేశారు. ఇప్పుడు వాళ్ళకు మిగిలింది ఒక వీధి పేరు, కొన్ని సమాధి రాళ్ళు.

మొదట ఒక బెంచి గురించి చెప్పాలి.

1687 డిసెంబరు 30న ఇంగ్లండు రాజు రెండో జేమ్సు కాలంలో, కంపెనీ మద్రాసుకు ఒక చార్టరు ఇచ్చింది. దాని ప్రకారం 1688 సెప్టెంబరు 29న మద్రాసు కార్పొరేషను మొదలయ్యింది. మన దేశంలో ఇదే మొదటి కార్పొరేషను. ఇప్పుడు రిప్పన్ బిల్డింగులో మనం ఇంటి పన్ను కట్టే ఆఫీసుకు ముత్తాత అన్నమాట. మొదటి మేయరు నథానియేల్ హిగ్గిన్సన్. ఆయన కింద పన్నెండు మంది ఆల్డర్మెన్లు. ఆ పన్నెండు మందిలో మన తెలుగు వర్తకులున్నారు. ఒకరు చిన్న వెంకటాద్రి, కంపెనీ పెద్ద వర్తకుడు బేరి తిమ్మన్న తమ్ముడు. ఇంకొకరు ముద్దు వీరన్న. కంపెనీ దొరలకు వీరన్న అని రాయడం రాక, 'వెరోనా' అని రాశారు. పేరు చూసి ఎవరో ఇటలీవాడనుకోకండి, మనవాడే. వీళ్ళతో పాటు తమిళుడు ఆలంగాత్త పిళ్ళై. మింట్ వీధిలో ఏకాంబరేశ్వరుడి గుడి కట్టించినవాడు ఆయనే.

అదే బెంచి మీద ఇంకో ముగ్గురు కూర్చున్నారు. బార్తొలొమియో రోడ్రిగ్స్, డొమింగో దో పోర్తో, అల్వారో ద ఫోన్సెకా. పేర్లు వింటే పోర్చుగీసు కిరస్తానీలు అనిపిస్తుంది. కాదు, ముగ్గురూ యూదులు.

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే అప్పటి లండన్ వైపు చూడాలి. ఇంగ్లండు 1290లో యూదులందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టింది. మళ్ళీ 1656లో, క్రామ్‌వెల్ కాలంలో గానీ వాళ్ళను ఉండనివ్వలేదు. ఉండనిచ్చినా పదవులు ఇవ్వలేదు. లండన్ నగరంలో ఒక యూదుడు, డేవిడ్ సాలమన్స్, ఆల్డర్‌మన్‌గా కూర్చున్నది 1847లో. పార్లమెంటులో యూదుడు ప్రమాణం చేసి కూర్చున్నది 1858లో. అంటే లండన్‌లో యూదుడికి దొరకని కుర్చీ, నూట యాభై తొమ్మిదేళ్ళ ముందే మన మద్రాసులో దొరికింది. అదీ చిన్న వెంకటాద్రి పక్కన, ముద్దు వీరన్న పక్కన.

వీళ్ళు ఇంత దూరం ఎందుకు వచ్చారు? ఆ పోర్చుగీసు పేర్లలోనే జవాబుంది.

1492లో స్పెయిన్ రాజు, రాణి కలిసి యూదులకు ఒక తాఖీదు ఇచ్చారు: మతం మారండి, లేకపోతే దేశం వదలండి. చాలామంది పక్కనున్న పోర్చుగల్‌కు పారిపోయారు. అయిదేళ్ళు తిరక్కముందే, 1497లో, పోర్చుగల్‌లో బలవంతంగా బాప్తిస్మాలు ఇచ్చారు. అలా మారినవాళ్ళకు డొమింగో, బార్తొలొమియో వంటి కొత్త పేర్లు వచ్చాయి. బయట చర్చికి వెళ్ళి, ఇంట్లో తలుపులు వేసుకుని శుక్రవారం సాయంత్రం దీపం పెట్టుకున్నవాళ్ళు తరాలపాటు ఉన్నారు. దీపం పెట్టారని పక్కింటివాడు చెబితే చాలు, ఇన్క్విజిషన్ అనే మత విచారణ కోర్టు లాక్కెళ్ళేది. పోర్చుగల్‌లో ఆ కోర్టు 1536లో వచ్చింది. గోవాలో 1560లో వచ్చింది. మన దేశపు మూలికల మీద పెద్ద పుస్తకం రాసిన గార్సియా ద ఓర్తా అనే వైద్యుడు గోవాలో ఉండేవాడు. ఆయన చనిపోయాక, చెల్లెలు కాతరీనాను 1569లో సజీవంగా కాల్చారు. 1580లో ఆయన ఎముకలను కూడా సమాధిలోంచి తవ్వి తీసి కాల్చారు. చచ్చినవాణ్ణి కూడా వదలని కోర్టు అది.

అలా తప్పించుకున్నవాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్, ఇటలీలోని లివోర్నో రేవు, తరువాత లండన్ చేరారు. అక్కడ భయం లేకుండా మళ్ళీ యూదులమని చెప్పుకున్నారు. పేర్లు మాత్రం పోర్చుగీసువే మిగిలాయి, వ్యాపారంలో పరపతి ఆ పేర్ల మీదే ఉంది కాబట్టి. వాళ్ళ చేతిలో ఉన్న వ్యాపారాల్లో పెద్దది వజ్రాలు. అప్పటికి ప్రపంచంలో వజ్రాలు దొరికేది దాదాపు మన దేశంలోనే. అందులో పేరు మోసినవి గోల్కొండ రాజ్యంలోని కృష్ణా తీరపు గనులు, కొల్లూరు, పరిటాల వైపువి. తావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి కొల్లూరు వెళ్ళి చూసి, ఆడా మగా పిల్లలతో కలిపి అరవై వేలమంది అక్కడ పని చేస్తున్నారని రాశాడు. ఆ అరవై వేలమంది ఎవరు? తట్టలు మోసింది, మట్టి కడిగింది, ఎండలో కూర్చుని కంకర ఏరింది తెలుగు కూలీలు. ఒక్కరి పేరు కూడా చరిత్రలో లేదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది.

కొల్లూరు రాయి సముద్రం దాటడానికి వీలైన రేవు మద్రాసు. అందుకే 1680ల్లో లండన్ యూదు వర్తకులు కంపెనీ అనుమతి తీసుకుని, తమ మనుషులను ఇక్కడికి పంపారు.

ఇక్కడ వ్యాపారం ఎలా నడిచిందో కొంచెం వివరంగా చెప్పాలి. రైల్వేలో పార్సెళ్ళు, బిల్టీలు చూసుకుంటూ బతికినవాణ్ణి కాబట్టి నాకు ఇది చదువుతుంటే మన గూడ్సు ఆఫీసు రిజిస్టరు గుర్తొచ్చింది. లండన్ వర్తకుడు కంపెనీ ఓడలో వెండి, పగడాలు వేసేవాడు. దానికి కంపెనీకి ఇంత శాతం అని రుసుము కట్టాలి. సరుకు మద్రాసులో దిగాక అక్కడి యూదు ఏజెంటు విడిపించుకుని, అమ్మి, ఆ డబ్బుతో వజ్రాలు కొని, తిరుగు ఓడలో పంపేవాడు. దానికీ రుసుమే. ఏజెంటుకు కమీషను. వెళ్ళి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు. ఓడ మునిగితే అంతే సంగతులు. ఇంత దూరం, ఇంత కాలం, ఇంత నమ్మకం. అందుకే వాళ్ళు ఎక్కువగా అన్నదమ్ములను, అల్లుళ్ళను, మేనల్లుళ్ళను ఏజెంట్లుగా పెట్టుకున్నారు. మన చెట్టి గారి దుకాణంలో గల్లా పెట్టె ముందు ఇప్పటికీ బావమరిదే కూర్చుంటాడు కదా, అదే లెక్క.

పగడాల మాట వచ్చింది కనుక ఒక్క నిమిషం ఆగాలి. జార్జ్ టౌనులో కోరల్ మర్చంట్ స్ట్రీట్ మీకందరికీ తెలుసు. తమిళంలో పవళక్కార తెరు. తమిళ మీడియంలో చదువుకున్న నాలాంటివాళ్ళకు ఆ పేరు నోట్లో నలిగిన పేరే, కానీ ఆ 'పవళం' ఇంట్లో అమ్మ చెప్పే 'పగడం' అని, ఆ పగడం ఎక్కడి సముద్రంలోదో అని ఎప్పుడూ ఆలోచించలేదు. ఎర్ర పగడం మన సముద్రంలోది కాదు. మధ్యధరా సముద్రంలో, సార్డీనియా, ట్యునీసియా వైపు నీళ్ళలోంచి తీస్తారు. లివోర్నోలో సాన పట్టి, పూసలు చేసి పంపేవారు. మన ఇళ్ళలో మంగళసూత్రానికి నల్లపూసల మధ్య గుచ్చుకున్న పగడం, కుజదోషానికి వేలికి పెట్టుకున్న పగడం అలా వచ్చిందే. అంటే తెలుగు కూలి తవ్విన వజ్రం యూరపు రాణి మెడలోకి వెళ్ళింది, యూరపు జాలరి తీసిన పగడం తెలుగు ఇల్లాలి మెడలోకి వచ్చింది. మధ్యలో నిలబడి ఈ రెండింటినీ చేతులు మార్చినవాళ్ళలో మద్రాసు యూదులు ముఖ్యులు. ఆ వీధి తరువాత నాట్టుకోట్టై చెట్టియార్లకు పేరుబడింది. పేరు మాత్రం పగడాలదే నిలిచింది.

ఇక మనుషుల సంగతి.

జాక్ ద పైవా అనే వజ్రాల వర్తకుడు భార్యతో సహా ఇక్కడికి వచ్చాడు. అప్పటి మద్రాసులో కాపురం పెట్టడం అంటే చిన్న సాహసం కాదు. ఆయన పట్నంలో కూర్చుని బేరాలాడే రకం కాదు, గనుల దగ్గరికే వెళ్ళాడు. ఆ ప్రయాణంలో జబ్బుపడి 1687లో చనిపోయాడు. ఔరంగజేబు గోల్కొండ కోటను పట్టుకున్నదీ ఆ ఏడే. ఆయనను పెద్దనాయకన్ పేటలో, యూదుల కోసం కేటాయించిన శ్మశానంలో పాతిపెట్టారు. భార్య హిరోనిమా ఇక్కడే ఉండిపోయింది. తరువాత గవర్నరు ఎలిహు యేల్‌తో ఆమె సహజీవనం, వాళ్ళకు పుట్టిన చార్లెస్ అనే కొడుకు, ఇవి అప్పటి కోటలో పెద్ద గుసగుసలు. ఈ యేల్ మద్రాసులో సంపాదించిన సొమ్ములోంచి ఇచ్చిన సరుకుల మూటల వల్లే 1718లో అమెరికాలో ఒక కాలేజీకి ఆయన పేరు పెట్టారు. అదే నేటి యేల్ యూనివర్సిటీ. మన పిల్లలు అక్కడ సీటు వస్తే స్వీట్లు పంచుతారు. ఆ పేరు వెనక మద్రాసు బట్టల మూటలు, వజ్రాలు ఉన్నాయని వాళ్ళకు చెప్పండి. ఈయన కాలంలోనే కోట నుంచి బానిసలను ఓడల్లో ఎక్కించారని కూడా చెప్పండి.

ఇంకొకరు ఐజాక్ సార్డో అబెందానా. హాలండ్‌లో పుట్టిన యూదుడు. గవర్నరు థామస్ పిట్‌కు వజ్రాల విషయంలో నమ్మకస్తుడు. పిట్ అంటే 1702లో జామ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర 48,000 వరహాలకు 410 క్యారట్ల ముడి వజ్రం కొన్నవాడు. దాన్ని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌన్లకు అమ్మాడు. అందుకే దానికి రీజెంట్ వజ్రం అని పేరు. ఇప్పుడు పారిస్‌లో లూవ్రు మ్యూజియంలో ఉంది. కృష్ణా తీరపు గనిలో దాన్ని కనుగొన్న కూలి, కాలి గాయంలో దాచుకుని పారిపోయాడని, ఓడ కెప్టెను అతణ్ణి చంపి రాయి లాక్కున్నాడని ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ, ఆ కథలో కూడా కూలికి పేరు లేదు, గమనించండి.

ఈ పిట్ కాలంలోనే, 1708లో, నవాబు దావూద్ ఖాన్ అయిదు ఊళ్ళను కంపెనీకి ఇచ్చాడు. తిరువొత్తియూరు, కత్తివాక్కం, నుంగంబాక్కం, సాత్తంగాడు, అయిదోది మన వ్యాసర్పాడి. అంటే వ్యాసర్పాడి మద్రాసులో కలిసిన రోజుల్లో, అబెందానా అనే యూదుడు గవర్నరు ఇంట్లో కూర్చుని వజ్రాలు పరీక్షిస్తున్నాడు. మరుసటి ఏడు, 1709లో ఆయన ఇక్కడే చనిపోయాడు. మన పేట చరిత్రకు, ఆయన సమాధికి ఒక్క ఏడాదే తేడా. యూదుల కథ ఎక్కడో కోటలో జరిగిన దొరల కథ, మనకెందుకు అనేవాళ్ళకు నా జవాబు ఇదే.

మరి వీళ్ళందరూ ఏమయ్యారు? ఎవరూ తరిమెయ్యలేదు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికాయి. అవి పోర్చుగల్ మీదుగా యూరపు బజారులో పడేసరికి ధర పడిపోయింది. కృష్ణా గనుల్లో రాయి తరిగింది. వజ్రాల బేరం కొంత బెంగాలు వైపు, కాశీ వైపు జరిగింది. అయినా కొన్ని కుటుంబాలు పట్టుకుని ఉన్నాయి. లివోర్నో నుంచి వచ్చిన సాలమన్ ఫ్రాంకో 1763లో ఇక్కడే చనిపోయాడు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఆ పాత వజ్రాల కుటుంబాలు మద్రాసులో దాదాపు లేకుండా పోయాయి. ఆర్మీనియన్లకు వీధి మిగిలింది, 1772 నాటి చర్చి, అందులో గంటలు మిగిలాయి. యూదులకు మిగిలింది శ్మశానం.

దానికి కూడా ఒక చోట నిలవడం రాసిపెట్టి లేదు. పెద్దనాయకన్ పేట నిండిపోయింది, మింట్ వీధి చుట్టూ బజారు పెరిగింది. 1934లో ఆ పాత సమాధి రాళ్ళను అక్కడి నుంచి తరలించారు. చివరికి అవి చేరింది లాయిడ్స్ రోడ్డుకు, అంటే ఇప్పటి అవ్వై షణ్ముగం సాలైకి. పక్కన చైనావాళ్ళ శ్మశానం. యూదులు శ్మశానాన్ని హీబ్రూలో 'బేత్ హ హయ్యీం' అంటారు. అంటే జీవపు ఇల్లు. మన వాళ్ళు చనిపోయినవారిని 'శివైక్యం చెందారు' అన్నట్టు, చావు మాట నోటితో అనకుండా పెట్టుకున్న పేరు. గోవాలో ఓర్తా ఎముకలను కాల్చారు. మద్రాసులో ఆ మతస్థుల సమాధి రాళ్ళను బండి మీద వేసి ఇంకో చోట నిలబెట్టారు. రెండు ఊళ్ళకూ తేడా అదే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. చెన్నపట్నం మత స్వేచ్ఛకు పుట్టిల్లు అని మనం బోర్డు రాసి తగిలించుకోవచ్చా? అంత తొందర వద్దు.

కంపెనీ దయగల సంస్థ కాదు. యూదులను రానిచ్చింది వాళ్ళ పగడాల మీద, వెండి మీద, వజ్రాల మీద రుసుము వస్తుందని. కార్పొరేషనులో అన్ని జాతులవాళ్ళను కూర్చోబెట్టింది ఊరివాళ్ళు కొత్త పన్నుకు ఒప్పుకోవాలని. టౌన్ హాలుకు, జైలుకు, బడికి డబ్బు కావాలి. దొర అడిగితే జనం ఇవ్వరు, చిన్న వెంకటాద్రి అడిగితే ఇస్తారేమో అని లెక్క. ఆ లెక్క కూడా సరిగ్గా పారలేదు, జనం పన్నుకు గొడవ చేస్తూనే ఉన్నారు. ఇంకా ఒకటి. తెల్లవాళ్ళ పట్నం, నల్లవాళ్ళ పట్నం అని గోడ కట్టి విడగొట్టింది కూడా ఈ కంపెనీయే.

లాభం కోసం ఇచ్చిన స్వేచ్ఛ లాభం ఉన్నంతకాలమే ఉంటుంది. దీనికి ఈ ఊళ్ళోనే రెండు ఉదాహరణలున్నాయి.

మొదటిది. ఫాదర్ ఎఫ్రాయీం అని ఒక ఫ్రెంచి కపుచిన్ సన్యాసి 1642లో ఇక్కడికి వచ్చి, కోటలో చర్చి పెట్టి, పిల్లలకు చదువు చెప్పేవాడు. కంపెనీవాళ్ళు ప్రొటెస్టంట్లు, ఈయన కాథలిక్కు. అయినా ఉండనిచ్చారు. కానీ 1650 ప్రాంతంలో సాంథోమ్‌లోని పోర్చుగీసువాళ్ళు ఆయనను మోసంతో పట్టుకుని గోవా ఇన్క్విజిషన్‌కు అప్పగించారు. ఆయనను విడిపించింది ఎవరనుకుంటున్నారు? గోల్కొండ సుల్తాను సేనాపతి మీర్ జుమ్లా. సాంథోమ్‌ను చుట్టుముట్టి, మా ఫాదరును తిరిగి ఇవ్వండి, లేకపోతే మీ ఊరు ఉండదు అన్నాడు. కాథలిక్కు సన్యాసిని కాథలిక్కులు జైల్లో పెడితే, ముసల్మాను సేనాపతి విడిపించాడు. మతాల మధ్య యుద్ధమే మన చరిత్ర అని వాట్సాప్‌లో పంపేవాళ్ళకు ఈ ఒక్క సంగతి తిరిగి పంపండి.

రెండోది. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకున్నారు, 1749లో సంధి ప్రకారం తిరిగి ఇచ్చారు. కాథలిక్కులు ఫ్రెంచివాళ్ళకు సాయం చేశారని కంపెనీకి అనుమానం. అంతే, నూరేళ్ళుగా కోటలో ఉన్న వాళ్ళ చర్చిని కూల్చారు. కాథలిక్కులను, ఆర్మీనియన్లను తెల్లపట్నంలో ఉండకూడదన్నారు. నిన్నటిదాకా పొరుగువాడు, ఇవాళ అనుమానితుడు. అనుమతి ఇచ్చిన చేతికి దాన్ని తిరిగి తీసుకునే బలం కూడా ఉంటుంది. అందుకే అనుమతి వేరు, హక్కు వేరు. 1950 జనవరి 26 నుంచి మనకున్న ఇరవై అయిదో అధికరణం హక్కు. దాన్ని మనం ఏ గవర్నరు దగ్గరా రుసుము కట్టి తెచ్చుకోలేదు. మనస్సాక్షి ప్రకారం ఏ మతాన్నైనా నమ్మవచ్చు, ఆచరించవచ్చు, చెప్పుకోవచ్చు.

ఆ హక్కును వాడుకున్న తెలుగువాళ్ళ గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముగియదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ కొన్ని కుటుంబాలు తాము యూదులమని చెప్పుకుంటాయి. పేరు బెనె ఎఫ్రాయీం, అంటే ఎఫ్రాయీం సంతానం. తప్పిపోయిన పది ఇజ్రాయేలు గోత్రాల్లో తమది ఒకటని వాళ్ళ నమ్మకం. మాదిగ కులం నుంచి వచ్చి, అంతకు ముందు బాప్టిస్టు చర్చికి వెళ్ళేవాళ్ళు. 1980ల నుంచి యూదు ఆచారాలు పట్టారు, 1991లో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. శనివారం పని మానేస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ళ గురించి 2013లో ఒక పుస్తకమే వేశారు.

వాళ్ళు నిజంగా ఎఫ్రాయీం సంతానమేనా అని కొందరు నవ్వుతారు. నేను నవ్వను. మనలో ఎన్ని కులాలు మాది ఫలానా ఋషి గోత్రం, మేం ఫలానా రాజు వంశం అని చెప్పుకోవడం లేదు? వాటికి ఎవరు కాగితం అడిగారు? అంటరానివాడని ఊరి చివర కూర్చోబెట్టినవాడు, నాకూ ఒక పాత వంశం ఉంది అని చెప్పుకుంటే మాత్రం కాగితం చూపించమంటామా?

కానీ కాగితం సమస్య వేరే రూపంలో ఉంది, అది మన పేటకు బాగా తెలిసినదే. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. అక్కడితో ఆగింది. కిరస్తానీ అయినా, ముసల్మాను అయినా, యూదుడు అయినా కాగితం మీద మతం మారితే ఆ హోదా పోతుంది. కులం మాత్రం పోదు. పక్క వీధివాడి నోట్లో, పెళ్ళి సంబంధాల్లో, అద్దె ఇంటి తలుపు దగ్గర అది అలాగే ఉంటుంది. అందుకే గుడి ఒకటి, సర్టిఫికెట్టు ఒకటిగా బతికే కుటుంబాలు ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ళ కింద లిస్బన్‌లో డొమింగో అని పేరు పెట్టుకుని, లోపల దీపం వెలిగించుకున్నవాడికి, ఈ రోజు సర్టిఫికెట్టులో ఒక మతం, మనసులో ఒక మతం పెట్టుకున్నవాడికి మధ్య దూరం ఎంత? అక్కడ నిప్పు ఉంది, ఇక్కడ లేదు. అది చిన్న తేడా కాదు, ఒప్పుకుంటాను. కానీ మనిషి నమ్మేది ఒకటి, రాసేది ఒకటి అయినంతకాలం స్వేచ్ఛ పూర్తి కాలేదనే నా అభిప్రాయం. సంఘంలో దీనికి ఒప్పుకోనివాళ్ళున్నారు, నాకు తెలుసు. మీటింగులో మాట్లాడుకుందాం.

ఇదంతా ఒక తెలుగు సంఘానికి ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఎందుకంటే మనమూ ఈ ఊళ్ళో తక్కువమందిమి అవుతున్నాం. పెద్దనాయకన్ పేట అనే పేరులో తెలుగుంది. చెన్నపట్నం అనే పేరులో తెలుగుంది. కానీ మన మనవళ్ళకు తెలుగు అక్షరాలు రావు. రేపు ఒక తరం గడిస్తే, మనకూ ఒక వీధి పేరు, రెండు శిలాఫలకాలు తప్ప ఏమీ మిగలకపోవచ్చు. అప్పుడు మన గురించి ఎవరో ఒకరు, మన వాళ్ళు కాకపోయినా, తలుచుకోవాలని కోరుకుంటాం కదా? వారసులు లేని పొరుగువాళ్ళను తలుచుకోవడం మిగిలిన పొరుగువాళ్ళ పని. 1688లో వాళ్ళ పక్కన కూర్చున్నది మనవాళ్ళే కాబట్టి, ఆ పని మొదట మనకే వస్తుంది.

అందుకని మూడు సూచనలు.

ఒకటి. ఈ ఏడు మద్రాసు దినానికి సంఘం తరఫున చేసే నడకలో కోట, చెన్నకేశవ గుడితో పాటు మింట్ వీధి, పగడాల వీధి కూడా చేర్చుదాం. ఏకాంబరేశ్వరుడి గుడి దగ్గర నిలబడి, ఆలంగాత్త పిళ్ళైతో కలిసి కూర్చున్న ఆ ముగ్గురు యూదుల పేర్లు పిల్లలచేత గట్టిగా చదివిద్దాం.

రెండు. ముందుగా అనుమతి అడిగి, లాయిడ్స్ రోడ్డు శ్మశానానికి ఒక చిన్న బృందం వెళ్ళి వద్దాం. శనివారం వద్దు, అది వాళ్ళ విశ్రాంతి దినం. మగవాళ్ళు తలకు టోపీయో రుమాలో కట్టుకోవాలి. పూలదండలు కూడా వద్దు. సమాధి మీద ఒక చిన్న గులకరాయి పెట్టడం వాళ్ళ ఆచారం. నేను వచ్చాను, నిన్ను మరిచిపోలేదు అని దానికి అర్థం. పూలు వాడిపోతాయి, రాయి ఉంటుంది.

మూడు. సంఘం వార్షిక సంచికలో దామర్ల మీద వ్యాసం పక్కనే కొత్తరెడ్డిపాలెం వాళ్ళ మీద కూడా ఒకటి వెయ్యాలి. వాళ్ళు తెలుగువాళ్ళు. అంతకంటే వేరే అర్హత అవసరం లేదు.

వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి. గులకరాళ్ళు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. వ్యాసర్పాడిలో రైలు పట్టాల పక్కన కావలసినన్ని ఉన్నాయి గానీ, అవి రైల్వే ఆస్తి, ముట్టుకోకండి.